మణికట్టు దగ్గర

వందకి వందా అక్కా? అన్నాడు నాగుల్ మీరా,
మిర్చియార్డు గేటు బయట లారీ టైరుకి వీపానించి.
రేటు కట్టేవాడు కాయని విరిచి చూసినట్టు
నేనిచ్చిన పాకెట్టుని వేళ్ళ మధ్య నలుపుతున్నాడు.

మా ఆఫీసు కాగితంలో ఉన్నది ఒకటే మాట: పూర్తి రక్షణ.
ఆరేళ్ళ కిందట అదే మాట లూర్దమ్మకి చెప్పాను,
గుంటూరు బస్టాండు వెనక, లాడ్జి మెట్ల మీద.
నమ్మింది.
తొడుక్కోకుండా ఒక్కణ్ణీ రానీలేదు,
తాగొచ్చినవాణ్ణీ, రెట్టింపిస్తానన్నవాణ్ణీ.

శ్రావణమాసంలో వచ్చింది. కూర్చోలేక నిలబడే చెప్పింది
తొడ మొదట్లో లేచిన నీటిపొక్కుల సంగతి.
నువ్వు చెప్పినట్టే చేశాగా, అంది.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
సంచిలో మిగిలినవన్నీ తీసి నా ఒళ్ళో కుమ్మరించింది:
దీన్నే ఆపలేనియ్యి ఇంకేం ఆపుతయ్యే?

పొక్కులు మందులకి అణిగాయి.
ఒళ్ళో కుమ్మరించి వెళ్ళింది చూడూ, ఆ తర్వాతి మూడేళ్ళు,
అవి అణగలేదు.
పెద్దాసుపత్రి కిటికీలోంచి ఆమె రక్తం కాగితం
అందుకున్నది ఈ చేయే.
ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి మాత్ర.
సీరియల్ అయిపోగానే వేసుకుంటుంది. మర్చిపోదు.
నాతో మాట్లాడుతుంది, ఆ మాట తప్ప.

అందుకని నాగుల్ మీరాకి వంద అనలేదు.

పన్నెండేళ్ళు తొడిమలు తీశానయ్యా నేను, ఈ యార్డు నీడనే.
ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఘాటు లోపలికి దిగదు.
చేతికి తొడుగేసుకుంటే అరచెయ్యి మండదు.
కానీ తొడుగు ఆగిపోయే చోట, మణికట్టు దగ్గర,
పొద్దుగూకేసరికి ఎర్రటి గీత.
తొడుగు మోసం చెయ్యలేదు.
ఉన్నంత మేరా ఉంది, అంతే.

హెచ్‌ఐవీ, సెగ, ఇవి తడిలో ఈదొచ్చే జాతి.
రబ్బరు చిరక్కుండా, జారకుండా,
మొదట్నుంచి చివరిదాకా, ప్రతిసారీ ఉంటే
వాటికి దారి దొరకడం చాలా కష్టం.
పొక్కులూ పులిపిర్లూ సవాయి పుండూ వేరు.
వాటికి చర్మానికి చర్మం తగిలితే చాలు.
పుండు తొడుగు కింద ఉంటే ఆగుతుంది,
పక్కనుంటే పక్కనుంచే వస్తుంది.
తగ్గుతాయి, బాగా తగ్గుతాయి. సున్నా కావు.

తగ్గుతాయి అనే మాటకి గిరాకీ ఉండదని నాకు తెలుసు.
పూర్తి అన్న మాట ఎంత తొందరగా అమ్ముడుపోతుందో
అదీ తెలుసు.

తొంభై అనుకోనా పోనీ? నవ్వాడు.
అంకె నన్నడక్కు.
నీ డాష్‌బోర్డు మీద పిడుగురాళ్ళ ఎండలో పెట్టావంటే
ఏ అంకైనా దిగిపోతుంది, ఎండిన పూతరేకులా పుటుక్కుమంటుంది.
కొబ్బరినూనె రాశావా, అది రబ్బర్ని తినేస్తుంది.
తారీఖు చూడు. బుర్ర తిరిగేంత తాగి వెతుక్కోకు.

కాసేపు మాట్లాడలేదు. యార్డులోంచి గాలి ఇటు తిరిగితే
ఇద్దరం తుమ్మాం.
మరి మణికట్టుకి ఏం రాసేవాళ్ళక్కా?

రాయడం తర్వాతయ్యా. ముందు ఇంటికెళ్ళి
బల్బు కింద చెయ్యి తిప్పి చూసుకునేవాళ్ళం.
మంట పుట్టకపోయినా చూసుకునేవాళ్ళం.

ఆసుపత్రిలో ఆ గది నంబరెంత, అన్నాడు
బూటు ముందు మట్టిని చూస్తూ.
చెప్పాను. ఫోన్లో రాసుకోలేదు, రెండుసార్లు నోట్లో అనుకున్నాడు.
పాకెట్లు చొక్కా జేబులో పెట్టబోయి ఆగి
క్యారియర్ సంచిలో, మజ్జిగ సీసా పక్కన, నీడలో దాచాడు.

లారీ చిలకలూరిపేట వైపు తిరిగాక
కాగితంలో పూర్తి అన్న మాటని పెన్నుతో కొట్టేసి
పైన చాలా అని రాశాను.
సూపర్‌వైజరు ఇంకా చూళ్ళేదు.